గోడ మీద నా వేలిముద్ర

ముప్పయ్యేళ్ళు ఏం ఉద్యోగం చేశావని ఎవరైనా అడిగితే ఒక్క ముక్కలో చెప్పలేక తంటాలు పడేదాన్ని. ఇళ్ళకు వెళ్ళి గోడల్లో పగుళ్ళు చూస్తానంటే నవ్వేవాళ్ళు. మా అక్క అయితే కొత్తగూడెంలో అందరికీ నేను జర్మనీలో మేస్త్రీనని చెప్పుకుంది. అది పూర్తిగా తప్పేమీ కాదు.

అసలు పని ఇది. ఊరి నడిబొడ్డున ఎవరైనా లోతుగా గొయ్యి తవ్వబోతున్నారంటే, పార పడకముందే చుట్టుపక్కల ప్రతి ఇంటికీ వెళ్ళి, ప్రతి గదిలోని ప్రతి పగులునూ ఫోటో తీసి రాసుకోవాలి. తవ్వుతున్నన్నాళ్ళూ నెలనెలా మళ్ళీ వెళ్ళి, పాతవి పెరిగాయా, కొత్తవి పుట్టాయా అని చూడాలి. రేపు ఎవరైనా మీ గొయ్యి వల్ల మా ఇల్లు పగిలిందంటే, ఆ పగులు ముందునుంచీ ఉందో లేదో చెప్పేది నా పుస్తకమే.

ఇప్పుడు డార్మ్‌స్టాట్‌లో, స్టుట్‌గార్ట్‌లో సివిల్ మాస్టర్స్ చేస్తున్న మన పిల్లలు ఫోన్ చేసి, "ఆంటీ, మానిటరింగ్ జాబ్ ఎట్లుంటది, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలె" అని అడుగుతుంటారు. సాఫ్ట్‌వేర్ల సంగతి నాకంటే వాళ్ళకే బాగా తెలుసు. నాకు తెలిసింది ఒక ఇల్లు. ఆ ఇంట్లో నేను చేసిన తప్పును దాచుకోకుండా రాస్తున్నాను. చదివి నన్ను తిట్టుకున్నా ఫరవాలేదు, గుర్తుంచుకుంటే చాలు.

ఫ్రైబర్గ్‌లో నేర్చుకున్న మూడు సంగతులు

మా నాన్న బొగ్గుగనిలో పనిచేశాడు. ఆడపిల్లను గని మెట్ల దగ్గరికి కూడా రానివ్వని రోజులవి. అందుకే పంతం పట్టి సివిల్ చదివి, ఆ తర్వాత ఫ్రైబర్గ్ వచ్చాను. ఆ ఊరి కింద వందల ఏళ్ళనాటి వెండి గనులున్నాయి. అక్కడ నన్ను మొదటిసారి కిందికి తీసుకెళ్ళింది ఒక ముసలి గని సర్వేయరు. చుట్ట వాసన, తక్కువ మాటలు, మన పేర్లు పలకలేక అందరినీ 'కొలీగ్' అనే మనిషి. ఆయన్ని నేను గురువుగానే తలుచుకుంటాను.

ఆయన మొదట నేర్పింది జిప్సం పట్టీ. పగులు మీద అడ్డంగా అరచేయంత జిప్సం పూస్తారు. జిప్సం సాగదు. గోడ వెంట్రుకంత కదిలినా పటుక్కున విరుగుతుంది. విరగకపోతే గోడ కదల్లేదన్నమాట.

రెండోది, తడి జిప్సం మీద మేకుతో తేదీ గీసి, పక్కన బొటనవేలు నొక్కడం. ఎందుకని అడిగాను. "ఆఫీసులో కూర్చుని చూశానని రాసేవాళ్ళుంటారు. వేలు ఉంటే నువ్వు నిజంగా వచ్చావని నీకైనా తెలుస్తుంది" అన్నాడు. నా కుడి బొటనవేలి మీద చిన్నప్పుడు కత్తిపీట కోసుకున్న గీత ఏటవాలుగా ఉంటుంది. ఆ గీత నా ప్రతి పట్టీ మీదా పడేది. దాన్ని చూసి ఆయన మురిసిపోయి, ఇంతకంటే మంచి ముద్ర దొరకదన్నాడు.

మూడోది చెవి. పాత గనిలో కప్పు నుంచి అప్పుడప్పుడూ రాళ్ళు రాలుతుంటాయి. దీపం ఆర్పించి, ఆ చీకట్లో నన్ను వినమన్నాడు. ఎక్కడో లోపల ఒక రాయి నీళ్ళలో పడింది. "నీళ్ళలో పడితే నిలబడి విను. ఆ నీళ్ళు ఇంకా కప్పును మోస్తున్నాయి. పొడి నేల మీద పడితే వినొద్దు, నడువు" అన్నాడు. పక్కనున్న మనిషి కూడా కనిపించని ఆ చీకటి, అందులో ఆ మాట, నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. గుర్తుండీ నేను చేసిన పని చూడండి.

కార్లు పోయిన వీధి

ఉద్యోగంలో నా చివరి పెద్ద పని స్టుట్‌గార్ట్ దగ్గర ఎస్-బాన్ లోకల్ రైలు లైను మీదున్న ఒక ఊళ్ళో. పేరు వద్దు. కార్ల విడిభాగాల కంపెనీల వల్ల పెరిగిన ఊరు, ఇప్పుడు కార్లు వద్దనుకుంది. నడిబొడ్డున నాలుగైదు వీధుల్లో ఒక్క కారూ కనిపించకూడదు, అన్నిటినీ చౌరస్తా కింద నాలుగంతస్తుల పార్కింగ్ కట్టి అందులో దించాలి అని తీర్మానం.

ఆ వీధుల వాళ్ళతో సమావేశం పెట్టారు. పగుళ్ళ గురించి ఎవరైనా అడిగితే చెప్పడానికి నన్ను వేదిక మీద కూర్చోబెట్టారు. రెండు గంటలపాటు కూర్చున్నాను, పగుళ్ళ గురించి ఒక్కరూ అడగలేదు. మా ఆవిడ నీళ్ళ సీసాల పెట్టె ఎక్కడిదాకా మోయాలి, మా కొడుకు ఆదివారం వస్తే బండి ఎక్కడ పెట్టాలి, ఇవే ప్రశ్నలు. ఇంటి పక్కనే పదిహేను మీటర్ల గొయ్యి తవ్వుతామంటే భయం లేదు గానీ, ఇంటి ముందు కారు ఉండదంటే లేచి నిలబడుతున్నారు. నాకు నవ్వొచ్చింది, కొంచెం చిరాకూ వేసింది. నాకు కారు లేదు, ఎప్పుడూ కొనలేదు.

ముందు వీధులు మూశారు, తర్వాత తవ్వకం మొదలైంది. తవ్వే చోట ఊరే నీళ్ళను తోడడానికి పంపులు పెట్టారు. యంత్రాల మోత మామూలే. నేను ఊహించనిది మధ్యాహ్నం. పన్నెండున్నరకు పనివాళ్ళు తిండికి పోతారు, యంత్రాలు ఆగుతాయి. కార్లు ఎలాగూ లేవు. అప్పుడు ఆ వీధి మొత్తం నోరు మూసుకున్నట్టు అయిపోయేది. నా బూట్ల చప్పుడు ఎదురింటి గోడకు తగిలి నా వెనక ఎవరో నడుస్తున్నట్టు వినబడేది. రెండుమూడు సార్లు వెనక్కి తిరిగి చూశాను కూడా.

ఆ నిశ్శబ్దంలోంచే ఫిర్యాదులు మొదలయ్యాయి. గోడల్లో ఏదో చప్పుడు, నేల కింద ఏదో చప్పుడు అని ఉత్తరాలు. మా ఆఫీసు పెద్ద క్రేమర్ తెలివైనవాడు, మర్యాదస్తుడు, అంకెలు తప్ప ఏవీ నమ్మడు. అన్ని ఉత్తరాలకూ ఒకటే జవాబు రాయించాడు: ట్రాఫిక్ పోయింది కాబట్టి ఇదివరకు వినబడనివి ఇప్పుడు వినబడుతున్నాయి, పాత ఇళ్ళు ఎప్పుడూ ఇలాగే చప్పుడు చేస్తాయి. ఎంత సుఖమైన జవాబో చూడండి. నాకూ తెగ నచ్చింది. అడిగినవాళ్ళందరికీ నేనూ అదే చెప్పాను.

శ్రావణి వాళ్ళ ఇల్లు

గొయ్యి పక్కనే నాలుగంతస్తుల పాత ఇల్లొకటి ఉంది. మూడో అంతస్తులో బెల్లు కింద మన పేరు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. తలుపు తీసింది శ్రావణి, కరీంనగర్ పిల్ల. భర్త కార్తీక్ సాఫ్ట్‌వేర్, రోజూ ఎస్-బాన్‌లో స్టుట్‌గార్ట్ వెళ్ళొస్తాడు. పది నెలల పాప. నేను తెలుగులో పలకరించేసరికి, "అయ్యో ఆంటీ, మీరొస్తరన్న టెర్మిన్ లెటర్ల ఆఫీసు పేరు చూసి జర్మన్ ఆమె వస్తదనుకున్న" అని నవ్వి, టీ పెట్టింది.

ఆ ఇంటికోసం వాళ్ళు ఎనిమిది నెలలు తిరిగారట. కారు అక్కర్లేని ఇల్లు, కీటా, అంటే పసిపిల్లల బడి, నడిచిపోయేంత దగ్గర, కిటికీ తీస్తే పొగ లేదు. "ఇంకెక్కడికి పోము ఆంటీ, ఇగ ఇక్కడ్నే" అంది. ఆ మాటలో ఎంత అలసట ఉందో ఇళ్ళ వేట తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు.

గొయ్యి ఇంటికి ముందువైపు. అందుకని గోడ కదలికను కొలిచే మా సెన్సర్లన్నీ ముందు గోడ మీదే. వెనకవైపు మెట్ల దగ్గర, శ్రావణి వాళ్ళ గుమ్మం ఎదురుగా, ఒక పాత సన్నటి పగులుంది. దాన్ని పట్టించుకోవాలని ఏ నిబంధనా లేదు. పాత అలవాటు కొద్దీ జిప్సం కలిపి ఒక పట్టీ పెట్టి, తేదీ గీసి, బొటనవేలు నొక్కాను. క్రేమర్‌కు తెలిసి, "ఇంకా మ్యూజియం సామాను వాడుతున్నారా" అని ఆటపట్టించాడు.

వెళ్ళేటప్పుడు శ్రావణి అడిగింది. "ఏం కాదు కదా ఆంటీ?"

"ఏం కాదమ్మా" అన్నాను.

అనడం ఎంత తేలికో. మన భాషలో ఇంతకంటే తేలికగా నోట్లోంచి ఊడిపడే మాట ఇంకొకటి లేదు. జర్మన్‌లో అయితే కొలతలు చూసి చెబుతాననేదాన్ని. మన పిల్ల, మన టీ, మన భాష కాబట్టి నోరు జారాను.

నాలుగు నెలలు

మొదటి నెల పట్టీ చెక్కుచెదరలేదు. రాసుకున్నాను.

రెండో నెలా చెక్కుచెదరలేదు. కాకపోతే తెల్లగా ఉంది. మెట్ల దగ్గర రెండు నెలలు ఉన్న జిప్సం దుమ్ము పట్టి కాస్త బూడిదరంగుకు తిరగాలి. ఇది పాలలా మెరుస్తోంది. ఈ ప్రాంతంలో మెట్లు కడగడం ఒక వ్రతంలా చేస్తారు, గోడ కూడా తుడిచారేమో అనుకున్నాను. ఆ రోజు శ్రావణి పాపను భుజానేసుకుని గుమ్మంలో నిలబడి చెప్పింది.

"ఆంటీ, మధ్యాహ్నం పాపను పండబెట్టినప్పుడు కిందికెల్లి ఏదో వినస్తది. బుడుంగుమని. బావిల రాయేసినట్టు."

నేను క్రేమర్ జవాబు అప్పజెప్పాను. కార్లు పోయాయి కదమ్మా, ఇప్పుడు ఇల్లు వినబడుతోంది, ఏం కాదు అని.

మూడో నెల చలి బాగా ముదిరింది. పట్టీ చెక్కుచెదరలేదు. వేలితో తాకితే చెమ్మగా, చల్లగా తగిలింది. ఎండిన జిప్సం అలా ఉండదు. నా చేయి ఒక క్షణం అక్కడే ఆగింది. ఎందుకో తెలియదు, ఎవరో ఆ గోడ వెనక నిలబడి ఊపిరి పట్టి నన్ను చూస్తున్నట్టనిపించింది. చలికాలం, వెనక గోడ, ఎండ తగలదు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. శ్రావణి వంటింటి తలుపు చూపించింది. మూస్తే మూసుకోవడం లేదు, వదిలితే తనంతట తనే మెల్లగా తెరుచుకుంటోంది. పాప పాలసీసా నేల మీద పెడితే వెనకవైపుకు దొర్లింది.

"చప్పుడు గుడ మారింది ఆంటీ. బుడుంగుమనుడు బందైంది. ఇప్పుడు టక్కుమంటున్నది."

ఆ మాటను పుస్తకంలో అక్షరాలా రాసుకున్నాను. ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గరుంది. కింద నా చేతిరాతలోనే ఉంది, 'ముందు సెన్సర్లు సున్నా, పట్టీ బాగుంది' అని. గురువు చీకట్లో నిలబెట్టి నేర్పిన పాఠాన్ని ఒక పసిబిడ్డ తల్లి నాకు ఇంటి గుమ్మంలో అప్పజెబితే, నేను రాసుకుని సంతకం పెట్టి వచ్చాను.

నాలుగో నెల నేను వెళ్ళేసరికి పన్నెండున్నర దాటింది. యంత్రాలు ఆగాయి. మెట్లెక్కి పట్టీ ముందు నిలబడ్డాను. పగుల్లేదు. నేను గీసిన తేదీ అలాగే ఉంది. వేలిముద్ర అలాగే ఉంది. ఎందుకు చేశానో చెప్పలేను, నా బొటనవేలు తీసి ఆ గుంటలో పెట్టాను.

సరిగ్గా అతకలేదు, చుట్టూ ఖాళీ మిగిలింది. ఆ గుంట నా వేలికంటే వెడల్పు. చేతిలైటు వేసి చూశాను. నా కత్తిపీట గీత లేదు.

నా తేదీ, నా చోటు, నా ముద్ర, కానీ వేలు ఇంకెవరిదో. ఇన్నాళ్ళూ నేను వచ్చి వెళ్ళాక ఎవరో నాలాగే వచ్చి, నాలాగే నిలబడి, నేను నొక్కినచోటే నొక్కి వెళుతున్నారు. కిందినుంచి ఒక చప్పుడు వచ్చింది. టక్. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత మెట్ల మీద ఇంకో చప్పుడు, సర్... సర్... అని. ఎవరో నెమ్మదిగా పైకి వస్తున్నారు.

చీపురు

వచ్చింది కింది అంతస్తులో ఉండే బాయర్లే. ఎనభై దాటిన మనిషి, చేతిలో చీపురు. ఇక్కడి ఇళ్ళలో కేర్‌వోఖె అని ఒక పద్ధతుంది, వారానికొక కుటుంబం మెట్లూ నేలమాళిగా ఊడ్చి కడగాలి. వంతు వచ్చినవాళ్ళ తలుపుకు ఒక పలక వేలాడుతుంది. ఆ ఇంట్లో పలక బాయర్లే తలుపుకే ఏడాదంతా ఉండేది. మిగతావాళ్ళు చేసింది ఆయనకు నచ్చదు. "తాత నేనే చేస్తా అన్నడు ఆంటీ, మేం గుడ ఊకున్నం" అని శ్రావణి ముందే చెప్పింది.

ఆయన నన్ను చూసి టోపీ తీశాడు. నేను పట్టీని చూపించి, దీన్ని ఎవరైనా ముట్టుకున్నారా అని అడిగాను.

"పగిలింది కదా, ఫ్రావ్ ఇంజినీర్. అందుకని కొత్తది పెట్టాను."

"మీరు పెట్టారా?"

"నేను నలభై ఏళ్ళు జిప్సం పనివాణ్ణి. మీరు కలిపింది కొంచెం పలుచన, ఏమీ అనుకోకండి."

"తేదీ నాదే ఉందే?"

"పాతదాని మీద ఏముందో అదే రాశాను. మీ తేదీ మార్చడానికి నేనెవరిని?"

"మరి వేలు?"

ఆయన తన చేయి పైకెత్తి చూపించాడు. పనిచేసి పనిచేసి గీతలన్నీ అరిగిపోయిన వెడల్పాటి బొటనవేలు. "పాతదాని మీద వేలుంది. అందుకని వేలు పెట్టాను" అన్నాడు.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎన్నిసార్లు పెట్టారని అడిగాను.

"నేను పెట్టినవాటిలో ఇది ఆరోది. నిన్న పొద్దున పెట్టాను. ఇంకా పూర్తిగా ఆరలేదు, గట్టిగా నొక్కకండి."

మెట్టు మీద కూర్చున్నాను. ఆయన కంగారుపడి, ఏమైనా తప్పు చేశానా అన్నాడు. మెట్ల మీద జిప్సం ముక్కలు పడి ఉంటే ఆయన లెక్కలో అది చెత్త, ఆయన వారంలో పడిన చెత్త. శుభ్రం చేసి, ఉన్నది ఉన్నట్టు తిరిగి పెట్టాడు. ఇంతకంటే నిజాయితీగా ఎవరు చేస్తారు? ఆ పట్టీ ఎందుకుందో ఆ ఇంట్లో ఒక్కరికైనా నేను చెప్పి ఉంటేగా. పగలడమే దాని పని అని చెప్పలేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదు, అంతే.

"పగిలినవి ఏం చేశారు?"

"మీ సామాను కదా, పారెయ్యలేదు. కింద ఉన్నాయి" అన్నాడు.

నేలమాళిగలో ఆయన అరలో ఒక కాఫీ డబ్బా ఉంది. అందులో ఆరు పొట్లాలు, ఒక్కోటి పగిలిన రోజు దినపత్రికలో చుట్టి. వరుసగా విప్పి బల్ల మీద పేర్చాను. మొదటిది నాది, గీతతో సహా. అది అయిదు వారాలకు పగిలింది. రెండోది నాలుగు వారాలకు. మూడోది మూడు. నాలుగోది రెండు. అయిదోది ఎనిమిది రోజులకు. ఆరోది మూడు రోజులకు. నా సెన్సర్లు సున్నా చూపిస్తున్నన్నాళ్ళూ ఆ ఇల్లు వెనకవైపుకు ఒరుగుతూ వచ్చింది, గొయ్యి ఉన్న వైపుకు కాదు.

బాయర్లే ఏదో అనబోతే చేత్తో ఆగమన్నాను. నేల పలకల సందులోంచి చల్లటి గాలి నా చీలమండలకు తగులుతోంది. నేలమాళిగ కింద గాలి ఎక్కడిది? అంతలో మా ఇద్దరి కాళ్ళ కింద, చాలా దగ్గరగా, టక్.

పొడి నేల మీద.

పది నిమిషాలు

మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. శ్రావణి తలుపు తీసింది, పాప భుజం మీద నిద్రపోతోంది.

"పాపను తీసుకో, పాస్‌పోర్టులు తీసుకో. పది నిమిషాల్లో బయట ఉండాలి."

"ఏమైంది ఆంటీ? మొన్ననే గద ఏం కాదన్నరు."

"తప్పు చెప్పిన."

అలాగే నా ముఖంలోకి చూసింది. "ఎన్ని రోజులు?"

"తెల్వదు. మళ్ళా రాలేమేమో."

"అడ్రసు అన్మెల్డుంగ్ ఈ ఇంటి మీదనే ఉన్నది. నిన్ననే పాపకు కీటా సీటు లెటర్ వచ్చింది. ఎక్కడికి పోవాలె ఆంటీ, హోటల్లకా? మీరు రాసుకున్నరు గద అన్నీ. తలుపు చూపెట్టిన, సీసా చూపెట్టిన, చప్పుడు చెప్పిన. రాసుకుని ఏం చేసిండ్రు?"

పాప బట్టల సంచీ నేనే అందుకుని మెట్ల వైపు నడిచాను. ఆమె పొయ్యి మీది పప్పు కట్టేసి, పాపతో నా వెనకే వచ్చింది.

వీధిలోంచి క్రేమర్‌కు ఫోన్ చేశాను. ఓపికగా విన్నాడు. "ముందు గోడ మీద అన్నీ సున్నా చూపిస్తున్నాయి. మీ చేతిలో ఉన్నది కాఫీ డబ్బా. ఒక ఇంటిని ఖాళీ చేయించడానికి ఇది చాలదు. సోమవారం మాట్లాడుకుందాం" అన్నాడు. అది గురువారం. ఫోన్ పెట్టేసి, నేనే అగ్నిమాపక దళానికి చేశాను. ఇంజినీరుగా నా పేరు చెప్పి, ఈ ఇంట్లో మనుషులుండడం ప్రమాదమని చెప్పాను. పిల్లలూ, ఇది రాసిపెట్టుకోండి. పై అధికారి వద్దన్న రోజున ఫోన్ చేయాల్సింది మీ పేరు మీదే, ఇంకొకరి పేరు మీద కాదు.

మూడు గంటలకల్లా ఇల్లు ఖాళీ అయింది. అందరికంటే ఆఖర్న వచ్చింది బాయర్లే. నాలుగో అంతస్తు మెట్లు సగమే ఊడ్చానని అగ్నిమాపక కుర్రాళ్ళతో వాదిస్తున్నాడు.

ఇల్లు నిలబడే ఉంది

గురువారం ఏమీ కాలేదు. శుక్రవారమూ ఏమీ కాలేదు. తాడు కట్టిన వీధి అవతల నిలబడి ఆ ఇంటిని చూస్తూ ఉండేదాన్ని. మూడో అంతస్తు వంటింటి కిటికీలో శ్రావణి ఆరేసిన పాప చొక్కా అలాగే వేలాడుతోంది. కార్తీక్ సెలవు పెట్టి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. క్రేమర్ రెండుసార్లు ఫోన్ చేశాడు. నష్టపరిహారం, పత్రికలు, నా పదవీ విరమణ, అన్నీ చాలా మర్యాదగా మాట్లాడాడు.

ఒక మాట ఒప్పుకోవాలి. ఆ రెండు రోజులూ ఆ ఇల్లు కూలిపోవాలని కోరుకున్నాను. మనసారా కోరుకున్నాను. ఎనిమిది నెలలు తిరిగి సంపాదించుకున్న ఆ పిల్ల గూడు, నా మాట నిలబడడం కోసం పడిపోవాలనుకున్నాను. ఈ ఉద్యోగం మనిషిని ఎక్కడిదాకా తీసుకెళుతుందో తెలియాలని రాస్తున్నాను.

శనివారం పన్నెండున్నరకు యంత్రాలు ఆగాయి. వీధి నిశ్శబ్దమైంది. పెద్ద చప్పుడేమీ రాలేదు. వెనక పెరడు మెల్లగా కిందికి దిగింది. దాని వెంట నాలుగంతస్తుల వంటిళ్ళూ దిగాయి, ఎవరో లోపలినుంచి లాక్కున్నట్టు. కిటికీలో చొక్కా ఒక్కసారి ఎగిరింది, ఆ తర్వాత కిటికీ లేదు. దుమ్ము చాలా ఆలస్యంగా లేచింది. ఎవరికీ ఏమీ కాలేదు. పక్కన కార్తీక్ మెట్టు మీద కూలబడి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఆ సమయంలో పాప ఎక్కడ పడుకునేదో అతనికి తెలుసు.

తర్వాత తేలిందిది. ఆ పెరడు కింద, ఎప్పుడో మూతపడిన బీరు తయారీవాళ్ళు రాతిలో తొలిచిన నిల్వగది ఒకటుంది. మా దగ్గరున్న ఏ పటంలోనూ అది లేదు. ఎన్నో తరాలుగా నీళ్ళతో నిండి, ఆ నీళ్ళ మీదే దాని కప్పు నిలబడింది. కార్లను దాచడానికి మేం తవ్విన గొయ్యి పొడిగా ఉండాలని మా పంపులు ఆ నీళ్ళను కూడా లాగేశాయి. ముందు రాళ్ళు నీళ్ళలో పడ్డాయి. తర్వాత నేల మీద పడ్డాయి. శ్రావణి చెప్పింది అక్షరం పొల్లుపోలేదు.

క్రేమర్ నాకు పూలగుత్తి పంపాడు. ఆ తర్వాత మా ఆఫీసులో వెనక గోడలకూ సెన్సర్లు పెడుతున్నారు. మంచిదే. ఇంటివాళ్ళు చెప్పింది రాసుకోవడానికి మాత్రం ఇంకా అదే పాత గడి, 'ఇతర విషయాలు' అని, పేజీకి అట్టడుగున.

కొత్త గోడ

బాయర్లే ఇప్పుడు వృద్ధుల నివాసంలో ఉన్నాడు. అక్కడి మెట్లు ఆయన్ని ఊడ్వనివ్వడం లేదని బాధ. ఆయన వేలున్న ముక్క ఒకటి నా బల్ల మీద ఉంది. ఆయన పెట్టినవాటిలో పగలకుండా మిగిలింది అదొక్కటే, ఆ రోజు గోడనుంచి నేనే ఊడదీశాను.

శ్రావణి ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు. న్యాయమే. తర్వాత ఒకరోజు తనే ఫోన్ చేసింది. వేరే ఊళ్ళో ఇల్లు దొరికింది, కొత్త బిల్డింగు, కింద పార్కింగు. పడకగది గోడ మీద వెంట్రుకలాంటి గీత కనిపిస్తోంది, వచ్చి చూడమంది. జిప్సం తీసుకుని వెళ్ళాను. మామూలు సున్నపు గీత, కొత్త ఇళ్ళలో ఉండేదే. ఏం కాదన్న ఆ మాట నోటిదాకా వచ్చింది, మింగేశాను.

జిప్సం కలిపాను, ఈసారి చిక్కగా. పట్టీ పెట్టి తేదీ గీశాను.

"ఇది పగలడానికే పెడుతున్న. పగిల్తే బాగు చేయొద్దు, తుడవొద్దు, నాకు ఫోన్ చెయ్యి. వేలు నువ్వు పెట్టు" అన్నాను.

"నేనా?"

"ఇంట్ల ఉండేది నువ్వు. నీ వేలైతే నీకు గుర్తుంటది."

బొటనవేలు నొక్కింది. పాప, ఇప్పుడు పరుగులు పెడుతోంది, తనకూ కావాలని గోల చేస్తే పక్కన చిన్నవేలు కూడా నొక్కించింది. ఇద్దరం చెవులు గోడకు ఆనించి నిలబడ్డాం. చాలాసేపు విన్నాం. ఏమీ వినబడలేదు.

"ఏం కాదు కదా ఆంటీ?" అంది, గోడకు చెవి తీయకుండానే.

"వచ్చే నెల మళ్ళా వచ్చి చూస్త" అన్నాను.